సున్నం కింద చెయ్యి

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది.

యూనియన్ మిలిట్రీ వచ్చి నిజాం రాజ్యం పోయినంక సూర్యాపేటల ఇండ్లు అగ్గువ ధరకొస్తున్నయి. కొని కిరాయికిద్దమని ఒకటి సూడవోయిన. ఒక్క గోడకే కొత్త సున్నం ఏసి ఉన్నది. నేను అడగకముందే "చెమ్మేం లేదు" అన్నడు అమ్మెటాయన. అసొంటోళ్లను నమ్మొద్దని మేస్త్రివి నువ్వే చెప్తుంటివి. ఇనుప మొలతోని సున్నం గీకిన. కింద మట్టిల చెయ్యి గుర్తు కనబడ్డది, చిటికెన ఏలు లేదు. దయ్యం చెయ్యి అని ఎవ్వరు కొంటలేరట, అందుకే సున్నం పూసిండట.

పచ్చి గోడ మీద నువ్వు ఒత్తే చెయ్యి నాకు తెల్వదా? అయినా గడ్డపారతోని గోడంత తట్టి సూసిన. నీ పనినైనా నమ్మొద్దన్నది నువ్వే. ఊరందరికి ఇండ్లు కట్టి, కిరాయింట్లనే పోతివి.

ఇల్లు కొన్న. గుర్తు మీద మల్ల సున్నం ఎయ్యనియ్యలే. ఆ చెయ్యి ఎవరిదని కిరాయికొచ్చినామె అనుమానంగ అడిగింది.

ఇల్లుగలాయనదని చెప్పిన.