అమ్మ దోసిలికి తాడు

అమ్మా, మేమిద్దరం కులాసా, చెల్లికి జ్వరం తగ్గింది, బెంగపెట్టుకోకు.

శిల్పాలు చేస్తుంటే నువ్వు 'కుండలమ్మ' అని వెక్కిరించే చెల్లి పోయిన సెలవుల్లో నీ దోసిలికి మట్టి మెత్తి అచ్చు తీస్తే, గోళ్లలో మట్టి పోలేదని రెండ్రోజులు తిట్టావు గుర్తుందా? ఆ దోసిలినే పెద్దది చేసి కంచులో పోయించింది. ఇప్పుడది పెద్దాసుపత్రి వరండాలో మంచినీళ్ల కొళాయి. నీ వంకర చిటికెనవేలును పోతమేస్త్రి ఆకురాయితో సాపు చేయబోతే, "మా అమ్మ వేలి జోలికి రాకు" అందట. నీళ్లు జారేది ఆ వంపులోంచే.

పోయిన సోమవారం మేమిద్దరం వెళ్లి చూస్తే చుట్టూ తాడు, 'కళాఖండం, తాకరాదు' అని బోర్డు! నాకు ఒళ్లు మండింది. "దాహం తీర్చేదాన్ని దిష్టిబొమ్మలా నిలబెడతారా?" అని సూపరింటెండెంటును నిలదీశాను.

"పదిమందీ చేతులు పెడితే మాసిపోదటండీ?" అన్నాడు.

ఆ 'పదిమందీ' అన్న మాటమీద నేను ఉపన్యాసం అందుకునేలోగా చెల్లి తాడు విప్పేసింది. "చేతులు పడేకొద్దీ కంచు మెరుస్తుంది సార్" అని, ఊడ్చే ఆవిడను పిలిచి "తాగక్కా" అంది.

"ఎవరి చేతులమ్మా ఇవి?"

"మా అమ్మవి."

"అయితే తాగొచ్చు" అని ఆవిడ కడుపునిండా తాగింది. కళ పదిమందిదీ అని ఇరవయ్యేళ్లుగా నేను వ్యాసాల్లో అరుస్తున్నదాన్ని నా చెల్లెలు ఒక్క ముడి విప్పి చెప్పేసిందే అమ్మా!

వంటింటి రేకు ఇంకా కారుతోందా? నాన్న కళ్లజోడు నంబరు రాసి పంపు, ఇక్కడ చేయిస్తాను. పెద్దమ్మకు నా నమస్కారాలు. నువ్వు మాత్రం త్వరగా బయల్దేరు. వారం తిరక్కుండానే నీ చిటికెనవేలు తళతళా మెరుస్తోంది.

నీ పెద్దాడు