మెట్లకి పడకగది రకం

డెరిక్,

ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపలున్నాయి, వేడి చేసుకుని తిను. మెట్ల మీద కొత్త కార్పెట్‌కి ఇంకా నూగు రాలుతోంది, గట్టిగా దులపకు. బూట్లతో మెట్లెక్కకు, ఆ రకం ఎక్కువ రోజులు ఆగదు.

ఆగదని నాకెవరు చెప్పారంటావా? పొద్దున పరచడానికొచ్చినాయనే. "మేం ఎంచుకున్నది ఎంత తొక్కినా తట్టుకునే గట్టి రకం కదా, ఇదేంటి?" అనడిగాను. "మీ ఆయన ఫోన్ చేసి మార్చారమ్మా. ఇంట్లో ఇద్దరమే, ఇంకెవరూ రావట్లేదు, పడకగదికి వేసే తేలిక రకం చాలన్నారు," అన్నాడు.

మా చెల్లి గ్వెన్, దాని ముగ్గురు పిల్లలు వచ్చి పైగదుల్లో ఉంటారంటే సరేనన్నది నువ్వే. "పిల్లలు ఎక్కి దిగుతుంటారు, గట్టిదే ఇవ్వండి," అని షాపులో నా పక్కన నిలబడి అన్నదీ నువ్వే. వెంటనే గ్వెన్‌కి ఫోన్ చేశాను. "నువ్వే రావద్దన్నావట కదక్కా," అని ఏడ్చింది. తడిగుడ్డతో గొంతు కోశావు, అదీ నా పేరు చెప్పి.

నేను హల్ ఊళ్లో దాని దగ్గరికి వెళ్తున్నాను.

లిన్

హాల్లోకి ఏ రకం కావాలో అడగడానికి షాపాయన రేపు ఫోన్ చేస్తాడు. ఇంట్లో ఎంతమంది తిరుగుతారంటే ఒక్కడినేనని చెప్పు. ఈసారి అబద్ధం కాదులే.