తీపి బావికి నేను పెట్టిన షరతు

అల్లా పేరుతో మొదలుపెడుతున్నాను. యురుంగ్‌కాష్ ఏటి దిగువన కాగితం చేసుకుని బతికే మెంగ్లిహన్ అనే నేను, మోకాళ్లు తప్ప తక్కినవన్నీ స్వాధీనంలో ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నేను చేసిన కాగితం మీద నా చేత్తోనే రాసుకున్న వీలునామా ఇది. ముసలిదానికి చాదస్తం ముదిరిందనేవాళ్లు ముందు ఈ కాగితాన్ని వెలుగుకు పట్టి చూడండి. ఎక్కడైనా ఒక్క ఉండ కనిపిస్తే అప్పుడు అనండి.

1. ఇల్లు, పొలం, మల్బరీ చెట్లు నా ఒక్కగానొక్క కొడుకు యాకూప్‌వి. మా ధర్మం ప్రకారం వాడికి రావలసినవే కనుక నాకు దండాలు పెట్టనక్కర్లేదు. నా ఇష్టప్రకారం ఇచ్చుకోగలిగింది ఆస్తిలో మూడో వంతే. ఇకముందు రాసేది దాని గురించే.

2. పెరట్లోని చేదబావి, కాగితం ఎత్తే చట్రాలు, కాగితానికి మల్బరీ బెరడు దంచే కొయ్య సుత్తి నా కోడలు పాతిగుల్‌కు. కాపురానికి వచ్చిన కొత్తలో, బూడిద వేస్తేనే బెరడు మెత్తబడుతుందని తెలియక, ఉత్త నీళ్లలో ఉడకబెట్టిన మనిషి. ఇవాళ ఆమె చట్రంలో గుజ్జు నా చట్రంలోకన్నా సమంగా పరుచుకుంటుంది. నెత్తికెక్కుతుందని ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు. ఇప్పుడు ఎక్కనీ.

3. నా చెల్లెలు హోర్నిసాకు రాగి కాగు. అది ఎలాగూ దాని ఇంట్లోనే ఉంది. మా అమ్మ పోయిన ఏడు అడిగి పట్టుకెళ్లింది, మళ్లీ నేను ఆ కాగు ముఖం చూడలేదు. ఈ వీలునామా అమలు చేసే పూచీ కూడా హోర్నిసాదే. కాగు తిరిగి ఇవ్వదు గాని మాట తప్పదు.

4. బోరు వేయమని యాకూప్‌కు నూరిపోసిన పొరుగింటి మెత్‌నియాజ్‌కు నా చిల్లు చేద. “వదినా, భూమి కింద సముద్రమే ఉంది, తోడుకున్నవాడిదే రాజ్యం” అన్నాడు. సముద్రం ఉప్పగా ఉంటుందని పాపం ఆయనకు తెలియదు. మా ఊరికి అది చాలా దూరం కదా.

5. అసలు సంగతి. మంచు కరిగే నెలల్లో తప్ప ఏటికి మేము గుర్తుకు రాము. కాలవ నీళ్లు మా చివరి పొలానికి చేరేలోపే ఇంకిపోతాయి. అందుకే యాకూప్ బోరు వేసి రేగుతోట పెంచాడు. కష్టపడ్డాడు, కాదనను. కాని ఆ మోటారు రాత్రింబవళ్లు లాగుతుంటే మా తీపి బావిలో నీళ్లు కిందికి పోయాయి, పక్కనున్న చౌడు నేల ఉప్పు అందులోకి దిగింది. నా గుజ్జు కలిపేది ఆ నీళ్లతోనే. హోర్నిసా టోపీలు కుడుతుంది, అవి బిగువుగా నిలబడాలని నా కాగితాన్ని సన్నగా చుట్టి కుట్ల మధ్య దూరుస్తుంది. పోయిన పెళ్లిళ్లప్పుడు గుమ్మంలోనే నిలబడి అరిచింది: “అక్కా, పెళ్లికొడుక్కి చెమట పట్టేసరికి టోపీ మీద ఉప్పు పూసింది! అది కాగితమా, ఉప్పు మూటా?”

ఈ మాట చెబితే యాకూప్ నవ్వాడు. “అమ్మా, నీ కాగితం గాడిద కూడా తినదు. నా రేగుపళ్లు ఊరంతా తింటోంది. బావి ఇంకాస్త లోతు తవ్విస్తాలే” అన్నాడు. బావి లోతుకు పోతే మోటారు ఇంకా లోతుకు పోతుంది. ఆ పందెంలో గెలిచేది ఉప్పే.

6. మోటారు పీకెయ్యమని నేను రాయను. కొడుకు నోటికాడ కూడు తీసే తల్లిని కాను. నేను పోయిన రోజున నా ఒంటికి పోసే నీళ్లు మాత్రం ఆ బావివే కావాలి. యాకూపే తన చేతులతో తాడు లాగి తోడాలి. నాకు కడసారి స్నానం చేయించే ఆడవాళ్లకు అందించే ముందు హోర్నిసా ఎదురుగా ఒక గుక్క తాగాలి. తియ్యగా ఉంటే నేను ఓడాను, మోటారు వాడి ఇష్టం. ఉప్పగా ఉంటే ఆ నీళ్లే నాకు పోయాలి, వేరేవి తేకూడదు. ఆపైన మోటారు ఎంతసేపు నడవాలో పాతిగుల్ చెబుతుంది, బావి ఆమెది కనుక.

వాడు వింటాడు. నాకు దిగులు లేదు. వాళ్ల నాన్న పోయిన రోజున నా కళ్లు తుడిచి, తడిసిన వేలు నోట్లో పెట్టుకుని, అమ్మ ఉప్పగా ఉందని నాకన్నా గట్టిగా ఏడ్చిన పిల్లవాడు వాడు.

మల్బరీ పళ్లు రాలే నెల, 1998.

సంతకం: మెంగ్లిహన్

సాక్షులు:
అబ్లిమిత్ ఆఖున్, మసీదు పెద్ద
మెత్‌నియాజ్, పొరుగింటివాడు (నాలుగో అంశం చదివించుకునే సంతకం పెట్టాడు)