ఓకే నొక్కని గంట

మంగళవారం, తెనాలి

రేపల్లె రైస్ మిల్లు ఓనరు ఈరోజు నా మీద విరుచుకుపడ్డాడు. మా కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్‌లో ఆయన గంటలోపు ఓకే నొక్కకపోతే ఫైలు ఆయన తమ్ముడికి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి కొత్త మోటారు కొనే ఫైలు వచ్చింది. ఈయన నొక్కలేదు. నాలుగింటికి తమ్ముడు నొక్కేశాడు.

“నన్ను దాటి వాడికెలా వెళ్ళిందండీ?”

“గంట దాటింది కద సార్.”

“రాహుకాలంలో కొత్త మోటారుకి ఓకే ఎలా చెప్తానండీ? ఆ మాత్రం తెలీదా మీకు?”

ఆరు నెలలు కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్ రాశాను. ఇప్పుడు అందులో పంచాంగం కూడా ఎక్కించాలట! బస్సులో వస్తున్నంతసేపూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఇల్లు చేరాక గుర్తొచ్చింది. ఈ పని ఒప్పుకున్న రోజు సంతకం పెట్టబోతుంటే, “రాహుకాలం పోనివ్వండి సార్” అని ఆయన పెన్ను ఆపింది నేనే.