సిక్ లైనులో దొరకని మాటలు

బచేలి,
ఆదివారం.

చిరంజీవి చిన్నమ్మికి నాన్న దీవెనలు.

నా రాత చూసి విసుక్కోకు. బొబ్బిలి పక్క పల్లెలో చదివిన అయిదో తరగతి చదువు. తప్పులుంటాయి. అర్థం కాని చోట మళ్లీ చదువుకో. ఇక్కడ మీ అమ్మా నేనూ ప్రాణానికి బాగానే ఉన్నాం. పూణెలో నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మకి ఫోనుకన్నా ఉత్తరమే ఇష్టం, నాచేత మళ్లీ మళ్లీ చదివించుకోవచ్చని. అడిగినవన్నీ చెప్తాను. మీ అమ్మ మెడ దగ్గర ఆపరేషన్ కన్నం శుభ్రంగా ఉంది. కొండ మీద గనిలో పేలుళ్లయిన రోజు ఎర్రదుమ్ము ఇంట్లోకి వస్తుంది, అందుకని డాక్టరు చెప్పినట్టు తడిగుడ్డ కడుతున్నాను. మందులు మానలేదు. వంట నేనే. కూర పరవాలేదు, అన్నం ఒకోసారి అడుగంటుతోంది.

కంప్యూటర్ బాగా పలుకుతోందా, అమ్మకి కొత్త మాటలేమైనా కావాలా అని అడిగావు. దానికి జవాబు రాయడానికే కూర్చున్నాను.

ఫోనులో చెప్పలేను. మీ అమ్మ స్పీకరు పెట్టించుకొని పక్కనే కూర్చుంటుంది. బజారుకి వెళ్లి రెండుసార్లు చేసాను. "ఏటి నాన్నా, హారన్లు వినపడుతున్నాయి, ఎక్కడున్నావు" అన్నావు. టమాటాలకి వచ్చానని పెట్టేసాను. రెండుసార్లూ టమాటాలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

విశాఖపట్నంలో మీ అమ్మ గొంతు తీసేయకముందు నువ్వు మైకు పట్టుకొచ్చి కంప్యూటర్లోకి ఆ మాటలన్నీ చెప్పించిన రోజు గుర్తుందా. "అన్నం పెట్టు అను అమ్మా" అన్నావు. మీ అమ్మ, "ఆయనకి వండడమే రాదు, పెట్టడం ఒకటా? మళ్లీ మాడ్చేసావేటి అని కూడా ఎక్కించు, అదే ఎక్కువ పనికొస్తుంది" అంది. నువ్వు నవ్వుకుంటూ ఎక్కించావు. దానికి నల్లటి గిన్నె బొమ్మ వేసావు. చదువు రాని మనిషి కదా, బొమ్మ నొక్కితే తన గొంతే పలుకుతుంటే మీ అమ్మకి రోగం సగం తగ్గినట్టుండేది. నల్లగిన్నె బొమ్మ అన్నం మాడకపోయినా నొక్కేది.

వానలు మొదలైన దగ్గర్నుంచి కంప్యూటర్ మందగించింది. పళ్లెం తెచ్చి ముందు పెట్టేసాక అప్పుడు "అన్నం పెట్టు" అనేది. మీ అమ్మ తల కొట్టుకునేది. డిస్కులో జాగా లేదని కింద మూల ఎర్ర గుర్తు వచ్చేది. నీకు చెప్తే సెలవు పెట్టుకుని వచ్చేస్తావని చెప్పలేదు. నేనే జాగా చేద్దామనుకున్నాను.

ప్రోగ్రాముల పట్టీ తెరిచాను. పేర్లు ఇంగ్లీషు, నాకు రాదు. పక్కన తేదీలున్నాయి, అవి వచ్చు. రైల్వే యార్డులో నా సర్వీసంతా తేదీలు చదవడమే కదా. ఇనపరాయి వేగను పక్కన తెల్లరంగుతో తేదీ ఉంటుంది. గడువు దాటిందంటే సిక్ చీటీ అంటించి, గూడ్సు బండిలోంచి విడదీసి, మరమ్మతుకి సిక్ లైనులో పెడతాం. ఇవీ అలాగే అనుకున్నాను. పాత తేదీవన్నీ తీసేసాను. మీ అమ్మ మాటలది బాగా పాత తేదీ. అది నువ్వు ఎక్కించిన రోజు. నాకు తట్టలేదు తల్లీ. నిజంగా తీసెయ్యాలా అన్నట్టు కంప్యూటర్ ఏదో అడిగింది. యార్డులో ఫోర్‌మనూ అలాగే అడిగేవాడు. అవునన్నాను.

సిక్ లైనులో పెట్టిన వేగను ఎక్కడికీ పోదు, బాగుచేసి మళ్లీ తగిలిస్తాం. కంప్యూటర్లో ఆ చెత్తబుట్ట బొమ్మే సిక్ లైను అనుకున్నాను. తెరిస్తే ఖాళీ.

అంతలో మీ అమ్మ వచ్చి కూర్చుంది. బొమ్మ ఉండే చోట నొక్కింది. మళ్లీ నొక్కింది. నాకేసి చూసింది. కరెంటు తేడా చేసిందన్నాను.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే ఇర్మా దగ్గరికి మోసుకెళ్లాను. గోండు పిల్లాడే, నీ ఈడువాడు, మంచివాడు. "కాకా, తీసేసిన సరుకు లోపలే ఉంటుంది. జాగా ఖాళీ అని పైన బోర్డు మారుస్తుంది, అంతే. కొత్తది వచ్చి అక్కడ కూర్చుంటేనే పాతది పోతుంది. మీరు మీద ఇంకేమీ ఎక్కించలేదు కదా?" అన్నాడు. లేదన్నాను.

లోపలున్న డిస్కు తన దగ్గరే ఉంచుకున్నాడు. మొన్న కబురు పెడితే వెళ్లాను. "నీళ్లు" పూర్తిగా వచ్చింది. ఆ గొంతు వినగానే అతని బల్ల పట్టుకున్నాను. "కాళ్లు లాగుతున్నాయి" అనేది "కాళ్లు లాగు" దాకా వచ్చి తెగిపోయింది. ఇంకో రెండు మాటలు వచ్చాయి. మిగిలినవి వాన చప్పుడులా ఉన్నాయి. నల్లగిన్నె మాట లేదు. "ఇంత తక్కువ రాకూడదే కాకా" అని అతను తల గోక్కున్నాడు.

అతనికి చెప్పనిది నీకు చెప్తున్నాను. చెత్తబుట్ట ఖాళీగా కనపడ్డాక నాకు మతి పోయింది. పోయినవి తెచ్చిపెడతామని నెట్లో హిందీలో ఒకటి కనపడింది. అది దించి అదే డిస్కులో ఎక్కించాను. ఒకటి పని చెయ్యకపోతే ఇంకొకటి. వెతకడానికని తెచ్చినవే మీ అమ్మ మాటల మీద కూర్చున్నాయి. తీసింది నేనే, మళ్లీ రాకుండా తొక్కేసిందీ నేనే. అతను అడిగినప్పుడు సిగ్గేసి లేదన్నాను. నీకు రాసేసాను కాబట్టి రేపు వెళ్లి అతనికీ చెప్తాను. నిజం తెలిస్తే ఇంకెక్కడైనా వెతుకుతాడేమో.

అసలు ప్రోగ్రాం చేసినవాళ్ల దగ్గర కాపీ ఉండాలి అంటున్నాడు ఇర్మా. నీ దగ్గర ఉందా తల్లీ? నీ పాత లాప్‌టాప్‌లో గాని, ఆ మైకుతో వచ్చిన డబ్బాలో గాని చూడు. ప్రోగ్రాం మళ్లీ రాసుకోగలవు. ఆ గొంతు మళ్లీ ఎక్కడా పుట్టదు.

ఒక్క మాట. నీ ఉత్తరం నేను మీ అమ్మకి పైకి చదవాలి. లేదు అని అందులో రాస్తే ఆ ముక్క దాటేసి చదవడం నాకు చేతకాదు, నా మొహం చూసి పట్టేస్తుంది. ఉన్నా లేకపోయినా ఆ సంగతి వేరే కాగితం మీద రాసి లోపల పెట్టు.

నిన్న అన్నం మాడింది. కావాలని కాదు, పొయ్యి దగ్గరే నిలబడి మరచిపోయాను. మీ అమ్మ పళ్లెం చూసింది. కంప్యూటర్ ఉండే బల్లకేసి చూసింది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. నాకేసి చూడలేదు. మాడిన మెతుకులు కూడా ఏరకుండా తినేసింది.

బేగి జవాబు రాయి తల్లీ.

ఇట్లు,
మీ నాన్న
నీలకంఠం