అడగకుండా లాగిన ముక్కలు

మార్చి 3, సోమవారం

ఇది రాయకపోతే ఇవాళ నాకు తిండి సహించేలా లేదు.

రెనోలో ఈ పేక గదిలో ఇరవై రెండేళ్ళుగా డీలర్‌గా ముక్కలు పంచుతున్నాను. తాగుబోతుల్ని చూశాను. ఓడిపోయి కుర్చీ ఎత్తినవాళ్ళని చూశాను. కిప్ డన్‌అవే లాంటి వాడిని మాత్రం చూడలేదు. నెల కిందట దిగాడు. వేడినీళ్ళ తొట్లు అమ్ముతాడట. ముప్ఫై రెండు పళ్ళూ ఎప్పుడూ బయటే ఉంటాయి.

పదకొండు గంటల ఆట. ఒక పందెంలో చివరికి ఇద్దరు మిగిలారు, కిప్, ఆర్విల్ పెద్దాయన. ఆర్విల్‌కి ఎనభై ఒక్కటి. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఎదురుగా ఉన్నదంతా ఆయనకి మసక, ఓరకంటికే కాస్త ఆనుతుంది. అందుకే నా ఎడమపక్క ఒకటో కుర్చీ తొమ్మిదేళ్ళుగా ఆయనదే. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు పరిచాను. అందులో మూడు ఆఠీన్లు. కిప్ పందెం కాశాడు, ఆర్విల్ దానికి సరిపడా డబ్బు బిళ్ళలు, చిప్స్, పెట్టాడు. అప్పుడు కాసినవాడు ముందు తన ముక్కలు తిప్పి చూపించాలి. అది మర్యాద. వీడు తిప్పలేదు. ఫ్లష్ పెద్దాయనా, ఐదూ ఆఠీన్లే, అని నోటితో అన్నాడు.

ఆర్విల్ నమ్మాడు. తన రెండు ముక్కలూ బోర్లా నా వైపు తోశాడు. ఎవరివైనా సరే, అడగకుండా నేను ముక్కలు ముట్టుకోను. పారేసినట్టేనా అని అడిగాను. పారేసినట్టేనమ్మాయ్ అన్నాడు. లాగి పారేసిన ముక్కల కుప్పలో కలిపేశాను. అప్పుడు తిప్పాడు కిప్. తొమ్మిదుల జత. అంతే! అయ్యో, డైమన్‌ని ఆఠీన్ అనుకున్నాను, రెండూ ఎర్రవే కదా, అని నాలుక కరుచుకున్నాడు.

తను పారేసినవి రాజు, రాణి అని అప్పుడు చెప్పాడు ఆర్విల్. మధ్యలోనూ రాజు, రాణి ఉన్నాయి. గెలిచిన ఆట పారేసుకున్నాడు పిచ్చి మనిషి.

ఫ్లోర్ మేనేజర్ గ్లెన్‌ని పిలిచాను. ఇస్త్రీ చొక్కా, చంకలో రూల్సు పుస్తకం. నోటి మాట చెల్లదు, తిప్పిన ముక్కలే చెల్లుతాయి, కుప్పలో కలిసినవి చచ్చినట్టే, అని చదివాడు. పుస్తకం ప్రకారం ఒక్క అక్షరం తప్పు లేదు. మూడొందల నలభై డాలర్ల చిప్స్ నా చేతులతో నేనే ఆ వెధవ ముందుకు తోశాను. ఒళ్ళు మండిపోయింది. ఆర్విల్ మాత్రం, తప్పు నాదేలే, చూడకుండా ఎవరు వదలమన్నారు, అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండింది.

మార్చి 4, మంగళవారం

సెలవు. గిన్నెలు కడుగుతూ గ్లాసు పగలగొట్టాను. కావాలనే.

మార్చి 5, బుధవారం

గ్లెన్ తన గదికి పిలిచాడు. ఆర్విల్ మీద ఫిర్యాదు వచ్చిందట. ఆట నెమ్మది చేస్తున్నాడట. ప్రతి ముక్కా మొహానికి ఆనించుకుని చూస్తాడట, అరగంటకొక గొడవట. ఎవరిచ్చారయ్యా ఫిర్యాదు అన్నాను. అది చెప్పకూడదన్నాడు. చెప్పక్కర్లేదు. దోచుకున్నదీ వాడే, ఏడ్చిందీ వాడే. సిగ్గూ శరం ఉండక్కర్లేదా మనిషికి!

ఇంకొక్క గొడవ జరిగితే పెద్దాయన్ని ఇంటి దగ్గర కూర్చోమని చెప్పేస్తాను వెర్నా, నాకూ బాధగానే ఉంది, అన్నాడు గ్లెన్. బాధ ఆ మొహంలో ఎక్కడుందో నాకు కనపడలేదు.

ఇంటి దగ్గర కూర్చోవాలట. సోమ, బుధ, శుక్రవారాలు రెండు బస్సులు మారి వస్తాడాయన. మిగతా నాలుగు రోజులూ రేడియోలో వాతావరణం చెప్పేవాడితో మాట్లాడతానంటాడు. జోక్ లాగే చెబుతాడు. ఆ కుర్చీ పోతే ఆయనకింకేం మిగులుతుంది? ఇది గ్లెన్ మొహం మీదే అడిగాను. టేబుల్ ఖాళీ లేదని బయట ఆరుగురు వెయిటింగ్ అన్నాడు.

మార్చి 7, శుక్రవారం

ఇవాళ డోరిన్‌ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. మా టేబుల్ మీదే ఆడుతుంది, స్కూల్ బస్సు నడిపి రిటైరయింది. అరవై మంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టిన గొంతు. ఆట మొదలవక ముందే లేచి నిలబడి, ఇకనుంచి ఈ టేబుల్ మీద నోటితో చెప్పడాల్లేవు, చివర్లో అందరూ ముక్కలు తిప్పాల్సిందే, ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే లేవండి, అంది. అందరూ సరేనన్నారు. మధ్యలో పరిచే ముక్కలు నేను పైకి చదివాను. కళావర్ ఏడు. ఇస్పేట్ జాకీ. ఆర్విల్ తల కాస్త వంచి వింటూ ఆడాడు. గంటసేపు ఎంత హాయిగా సాగిందో!

తగుదునమ్మా అని కిప్ చెయ్యెత్తాడు. డీలర్ ఒక మనిషికి సాయం చేస్తోందట. ఎవరి ముక్కలు వాళ్ళే ఆడాలి, ఇంకొకరు సాయపడకూడదని రూలుందట. ఏం నాయనా, తొట్లతో పాటు నీ సిగ్గు కూడా అమ్మేశావా, ఎంతకి పోయింది, అని డోరిన్ అడిగింది. టేబులంతా నవ్వింది. వాడూ నవ్వాడు, చెయ్యి మాత్రం దించలేదు. గ్లెన్ వచ్చాడు. చదవొద్దు వెర్నా, నీ పని పంచడం, అన్నాడు.

చదవడం మానేశాను. పళ్ళు ఎంత గట్టిగా కొరుక్కున్నానంటే ఇప్పటికీ దవడ లాగుతోంది.

మార్చి 10, సోమవారం

ఒక పందెంలో ఆర్విల్ మూడు ఎనిమిదులు తిప్పాడు. వీడి దగ్గర అంతకన్నా పెద్దవే ఉన్నాయి. టక్కున తిప్పేస్తే అయిపోతుంది. ఒక ముక్క తిప్పాడు. కాఫీ తాగాడు. అబ్బ, బాగా ఆడావు పెద్దాయనా, అన్నాడు. గెలిచాననుకుని ఆర్విల్ చిప్స్ కోసం రెండు చేతులూ చాచాడు. అప్పుడు తిప్పాడు రెండోది. ఆ చేతులు కాసేపు అలాగే గాల్లో ఉన్నాయి.

ఇది తప్పని ఏ పుస్తకంలోనూ లేదు. గ్లెన్‌ని పిలవడానికి కూడా లేదు. ఆర్విల్ చేతులు వెనక్కి తీసుకుని, బాగా ఆడావు బాబూ, అన్నాడు.

వాడు పోవాలి. వాడు పోతేనే ఈయన కుర్చీ ఉంటుంది. ఇంకేం లేదు.

మార్చి 12, బుధవారం, సాయంత్రం 4

బ్రేకులో కూర్చుని రాస్తున్నాను.

ఉన్నదున్నట్టు రాస్తాను. నా కుడిపక్క తొమ్మిదో కుర్చీలో కిప్. డీలర్ పక్కన కూర్చున్నవాళ్ళు తమ ముక్కల మీద ఒక చిప్ బరువు పెట్టుకుంటారు, పారేసినవాటితో పాటు పొరపాటున మా చేతికి రాకుండా. వీడు ఏనాడూ పెట్టలేదు. నేను ఏనాడూ అడగకుండా ముట్టుకోలేదు, కాబట్టి వీడికి ఆ అలవాటు అవసరం పడలేదు.

ఇవాళ పెద్ద పందెం. కిప్ కాశాడు, ఆర్విల్ సరిపెట్టాడు, డోరిన్ పారేసింది, ఎనిమిదో కుర్చీ ఆయన పారేశాడు. ఇంకో రెండు ముక్కలు పరచాలి. కిప్ ఆ ఎనిమిదో కుర్చీ ఆయన వైపు తిరిగి తొట్టి ధర చెబుతున్నాడు. వాడి ముక్కలు నా చేతికి జానెడు దూరంలో, మీద ఏమీ లేకుండా పడున్నాయి. పారేసిన ముక్కలు లాగాను. అదే ఊపులో వాడివీ లాగాను. కుప్పలో కలిపేశాను.

నా ముక్కలేవీ అన్నాడు. అయ్యో, పారేశావనుకున్నాను, క్షమించు, అన్నాను. నా గొంతు ఎంత మెత్తగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. వాడు కుర్చీ తన్ని లేచాడు. రెండు ఆసులు! రెండు ఆసులున్నాయి నా చేతిలో! అని గదంతా అదిరేలా అరిచాడు. సరిగ్గా చూసుకున్నావా నాయనా, డైమన్ ఏదో ఆఠీన్ ఏదో నీకు తెలీదుగా, అంది డోరిన్. గ్లెన్ వచ్చాడు, పైన కెమెరా చూసొచ్చాడు, పుస్తకం తెరిచాడు. ముక్కలు కాపాడుకోవాల్సింది ఆటగాడే, కుప్పలో కలిసినవి చచ్చినట్టే. మొన్నటి గొంతే, మొన్నటి పేజీయే. మిగిలింది ఆర్విల్ ఒక్కడే కాబట్టి చిప్స్ అన్నీ ఆయన ముందుకు తోశాను.

మళ్ళీ ఈ కొంప గడప తొక్కనని తిట్టుకుంటూ పోయాడు కిప్. టేబుల్ మీద అందరూ అరచేతులతో చరిచారు. ఇరవై రెండేళ్ళలో నా కోసం ఎవరూ అలా చరచలేదు. కడుపు చల్లబడింది. ఏం, పడకూడదా?

అదే రోజు, సాయంత్రం 6:30

ఇంటికి పోతూ బస్ స్టాపులో ఆర్విల్ కనిపిస్తే కారాపాను. దింపుతాను రమ్మన్నాను. వద్దన్నాడు. దిగి పక్కన నిలబడ్డాను.

అడగలేదేం అన్నాడు. ఏమిటి అన్నాను. తొమ్మిదేళ్ళుగా నీ పక్కన కూర్చుంటున్నానమ్మాయ్, పారేసినట్టేనా అని రోజుకి వందసార్లు వింటాను, ఇవాళ కిప్ దగ్గర వినపడలేదు, అన్నాడు. మరిచిపోయానన్నాను. ఆయన బస్సు కోసం రోడ్డు వైపు తల తిప్పాడు. నేనే ఆగలేకపోయాను. వాడు నిన్ను అంతలా మోసం చేస్తుంటే ఊరుకోమంటావా, నీ కోసమే చేశాను, అని నడిరోడ్డు మీద అరిచాను.

నన్ను అడిగావా అన్నాడు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కిప్ ఎలాంటివాడో నాకు తెలుసు, తెలిసినవాడి దగ్గర జాగ్రత్తగా ఉంటాను, ఓడితే ఓడతాను. నీ చేతులు నాకు కనపడవు వెర్నా. ఇన్నాళ్ళూ వాటిని చూడాల్సిన పని పడలేదు. అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

కిప్ పెట్టిన చిప్స్ కిప్‌కే ఇచ్చేయమని గ్లెన్ దగ్గర వదిలేసి వచ్చాడట. బస్సొచ్చింది. మెట్టు కోసం కాలితో వెతుక్కుంటుంటే మోచెయ్యి పట్టుకోబోయాను. విడిపించుకున్నాడు.

మార్చి 14, శుక్రవారం

రాలేదు.

మార్చి 17, సోమవారం

రాలేదు. ఫోన్ చేశాను. మోకాళ్ళ నొప్పులమ్మాయ్, బస్సులు మారలేకపోతున్నాను, అన్నాడు. డోరిన్ ఎలా ఉందన్నాడు. వెనక రేడియో వాడు రేపు గాలులంటున్నాడు. నేనొచ్చి కారులో తీసుకెళతానన్నాను. ఎందుకులే, నీకు శ్రమ, అన్నాడు. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టొచ్చుగా! ఫోన్ పెట్టేశాక ఆయన్నే తిట్టుకున్నాను. ముసలాడికి అంత పట్టుదలేమిటి? వాడికో నీతి, నాకో నీతా? వాడేం చేసినా నవ్వేశాడు. నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి...

రాయను. ఇంకెంత గింజుకున్నా అదే లెక్క తేలుతోంది. వాడి దగ్గర ఆయన ఏమీ ఆశించలేదు.

ఒకటో కుర్చీ చెవుల్లో పాటలు పెట్టుకునే ఒక కుర్రాడికిచ్చాడు గ్లెన్. ఆట ఎంత చురుగ్గా నడుస్తోందో చూశావా అన్నాడు. పెద్దాయనకి ఏమైందని డోరిన్ అడిగింది. మోకాళ్ళన్నాను.

మార్చి 19, బుధవారం

కిప్ వచ్చాడు. గ్లెన్ దగ్గర తన డబ్బు తీసుకుని, ఆ కుర్రాడు రాక ఒకటో కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చున్నాడు. ముక్కల మీద చిప్ పెట్టుకుని ఆడాడు. మొదటి పందెం గెలవగానే ఐదు డాలర్ల చిప్ టిప్పుగా నా వైపు విసిరాడు. ఇంతకుముందు ఏనాడూ ఒక్కటి ఇవ్వలేదు. నిన్ను తక్కువ అంచనా వేశాను వెర్నా, మనం మనం ఒకటి, అని కన్ను కొట్టాడు.

చిప్ ఇస్తే డీలర్ దాన్ని టేబుల్ మీద ఒకసారి తట్టి, థాంక్స్ చెప్పి, జేబులో వేసుకోవాలి.

తట్టాను. చెప్పాను. వేసుకున్నాను.