పూణే ఎండలో ఆళ్లగడ్డ వాన

అక్కకు, బావకు వందనాలు.

దేవుని దయలో మీరంతా కుశలమని నమ్మి రాస్తున్నాను. మీ అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. ఫోన్లో అయితే "తిన్యావా?", "తిన్యా" అనుకుని పెట్టేస్తాం. అందుకే కాగితం తీసుకున్నాను.

పూణేలో ఎండలు ముదిరాయి. జొన్నరొట్టె ఇక్కడా దొరుకుతుంది. "ఇంగొకటి పెట్టుకోమే" అనే మనిషే దొరకలేదు. ఆదివారం చర్చిలో ఆరాధన మరాఠీలో. పాటల రాగాలు తెలిసినవే, మాటలు రావు. ఊరికే పెదాలు కదుపుతాను.

నంద్యాల కాలేజీలో నేను పాఠాలు చెప్పే కోర్సు ఎత్తేశాక దొరికిన పని ఇది. ఇంకా ఖాయం చేయలేదు. ఈ నెల పని చూసి ఉంచుకుంటారో, పంపేస్తారో. నా దగ్గర చదివిన పిల్లల వయసు వాళ్లకు ఇప్పుడు నేను చేసి చూపించాలి.

ఉల్లిపాయల గోడౌన్ల వాళ్లకు రోజూ వాన కబురు పంపాలి. వాతావరణం చెప్పే సంస్థ కంప్యూటరు, అడిగితే ఇంటర్నెట్‌లో జవాబిస్తుంది. అలా అడగడానికి వాళ్లు పెట్టిన దారి ఏపీఐ. మన తరఫున అడిగే చిన్న ప్రోగ్రాము క్లయింట్. దాన్ని పైథాన్ అనే కంప్యూటరు భాషలో నేను చేశాను. అడిగేది మనమేనని గుర్తుపట్టడానికి వాళ్లిచ్చిన రహస్య అక్షరాల వరుసను, అదే కీని, సెట్టింగుల ఫైల్లో విడిగా దాచాను. జవాబు కోసం ఎంతసేపు ఆగాలో, రాకపోతే ఎన్నిసార్లు అడగాలో పెట్టాను. అయినా మొదటి రోజంతా నువ్వెవరో తెలియదన్న జవాబే. కాపీ చేసేటప్పుడు కీ చివర ఒక ఖాళీ అంటుకుందట. ఈ ఊళ్లో ఆ మాట ఒక యంత్రం అన్నా గుచ్చుకుంటుందక్కా.

సరిచేశాక, పరీక్షకు ఏదో ఒక ఊరు ఇవ్వాలి. చెయ్యి దానంతటదే ఆళ్లగడ్డ అక్షాంశం, రేఖాంశం కొట్టింది. తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. మార్చలేదు. రోజూ పొద్దున మీ ఎండ ఎంతుందో చూసి టీ తాగేదాన్ని.

మంగళవారం అందరి ముందు చూపించాను. తెర మీద సాయంత్రం పెద్ద వాన అని వచ్చింది. కిటికీ అవతల నిప్పులు చెరిగే ఎండ. మా పై అధికారి స్నేహల్ నవ్వి, "ఈ వాన ఏ ఊళ్లో మేడమ్?" అంది. నేను మార్చకుండా వదిలేసిన ఆళ్లగడ్డ వాన అది. నా పని పోయిందనుకున్నాను. ఆ వెంటనే మన ఊరి చర్చి ముందు బయల్లో మీరు ఆరబోసిన మిరపకాయలు గుర్తొచ్చాయి. కౌలు చేను పంటంతా అక్కడే ఉంది కదా. వాళ్లందరి మధ్య నిలబడే నీకు ఫోన్ చేశాను. నీకు గుర్తుందో లేదో, నాకు మాట మాటా గుర్తుంది.

"అక్కా, సాయంత్రం వానంట. కాయలు కుప్పజేసి పట్టలు కప్పండి."

"వానా? ఈడ ఎండ పేల్తాంది మే! ఎవురు చెప్పినారు?"

"నేను చేసిన ప్రోగ్రాము."

"నిజమేనా?"

ఏమో అనబోయాను. ఎప్పుడూ అదేగా అంటాను. "కప్పండి" అన్నాను.

మరుసటి రోజు పొద్దున నువ్వే ఫోన్ చేశావు. "చుక్క రాల్లే. మీ బావ నడుం పట్టుకోని నిన్ను తిడ్తాండాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. "ఎండ కాస్తాందని నువ్వే అంటివి. మరి యాలక్కా కప్పింది?"

"నువ్వు చెప్తివి గదమే. ఇంగ ఎవుర్ని అడగాల?"

నా మాట మీద నాకే నమ్మకం లేదు. నువ్వు మాత్రం మండే ఎండలో పట్టలు కప్పించావు.

స్నేహల్ తిట్టలేదు. తెర మీద ఊరి పేరు కూడా కనిపించాలి, లేకుంటే గోడౌన్ల వాళ్లూ ఇలాగే ఉరుకుతారంది. ఉంచుకుంటారో లేదో ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఊళ్లన్నీ వేరే ఫైల్లో పేర్లతో ఉన్నాయి. ఆళ్లగడ్డ తీసేయమన్నారు, తీసేశాను.

ఆ కాయల్లో ఒక గుప్పెడు పంపు. బావకు నా తరఫున క్షమాపణ చెప్పు, అత్తమ్మకు వందనాలు. మీ సాయంత్రం ప్రార్థనలో నా పేరు కూడా తలవండి. రోజూ పొద్దున ఒక్క మాట ఫోన్ చెయ్యి, మబ్బో ఎండో. నేనూ ఇంక నిన్నే అడగాలి.

నీ చెల్లెలు,
సునీత